టమాటా బాక్సుల్లో వచ్చిన రింగులు

క్షిపణి అనగానే మీకు టీవీలో చూసిన మంటా పొగా గుర్తుకొస్తాయి. నాకు మాత్రం పుంగనూరు బయట ఒక రేకుల షెడ్డు, అందులో కటింగ్ ఆయిల్ వాసన, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను పెట్టుకున్న తగాదాలు గుర్తుకొస్తాయి. ఆ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మదనపల్లెలో మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఏది సార్ అని అడిగారు. విజయాలేవీ నాకు పెద్దగా గుర్తు లేవు. నేను తిరస్కరించిన ఒక సరుకు గురించి మొదలుపెట్టాను. సగం చెప్పేసరికి వాళ్ల బస్సు టైమయింది. మిగతా సగం చెప్పకపోతే నేను ఏదో గొప్ప పని చేశాననుకుంటారేమోనని భయమేసింది. అందుకే రాస్తున్నాను.

నాది నాణ్యత తనిఖీ ఉద్యోగం. శత్రువు వదిలిన క్షిపణి మన మీద పడకముందే, ఎదురెళ్లి ఆకాశంలోనే కూల్చే రక్షణ వ్యవస్థ ఒకటి దేశంలో తయారవుతోంది. అందులో వేలాది ముక్కలుంటాయి. ప్రభుత్వం పెద్ద కంపెనీలకు కాంట్రాక్టు ఇస్తే, వాళ్లు కొన్ని ముక్కల్ని చిన్న యూనిట్లకు ఇస్తారు. ఎవరు చేసినా చివర్లో మా శాఖవాళ్లు చూసి ముద్ర వేస్తేనే అది లోపలికి పోతుంది. నాకు కోపం ఎక్కువనీ, టీ ఇచ్చినా కరగడనీ పేరుండేది. టీ బాగుంటే కరిగేవాణ్ణేమో, ఎవరూ బాగా పెట్టలేదు.

పుంగనూరు షెడ్డుకు వచ్చిన పని ఒక అల్యూమినియం రింగు. పూరీ అంత వెడల్పు ఉంటుంది. క్షిపణిలో రెండు భాగాలు కలిసే చోట కూర్చుంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ ఆ క్షిపణి మూసిన గొట్టంలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉండాలి, ఏదో ఒక రోజు అవసరమైతే క్షణంలో లేచి పోవాలి. ఆ రోజు వచ్చేదాకా ఎవరూ దాన్ని విప్పి చూడరు. అందుకే రింగు పైన తుప్పు పట్టకుండా ఒక పూత ఉంటుంది. రింగులు పుంగనూరులో తయారయ్యేవి, పూత కోసం కుప్పం పోయేవి, మళ్లీ పుంగనూరు వచ్చేవి. అక్కడ చివరి తుడుపు అయ్యాక నా ముందుకు వచ్చేవి.

షెడ్డు యజమాని బెంగళూరులో చాలా కాలం లేతు మిషను మీద పనిచేసి సొంత ఊరికి వచ్చినవాడు. వాళ్ల నాన్న మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో ఆపరేషన్ పనిముట్లు ఉడకబెట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కొడుక్కి ఆయన నుంచి వచ్చిన ఆస్తి రెండు అలవాట్లు, మాటిమాటికీ చేతులు కడుక్కోవడం, ఆదివారం చర్చి మానకపోవడం. ఏమి తయారుచేస్తున్నారో బయట చెప్పకూడదని ఒప్పందంలో గట్టిగా రాసి ఉంటే, ఆ మనిషి ఇంట్లో కూడా చెప్పలేదు. నేను మొదటిసారి దారి అడిగినప్పుడు టీ కొట్టాయన మాత్రం, రాకెట్ షెడ్డుకా సార్, ఎడమ పక్కకి తిరుక్కోండి అన్నాడు. మన ఊళ్లలో రహస్యాలు అంత భద్రంగా ఉంటాయి.

చివరి తుడుపు బల్ల దగ్గర ఒకామె ఉండేది. ఊరు సదుం. అందరూ సదుమక్క అనేవాళ్లు, నేనూ అలాగే అనేవాణ్ణి. అంతకుముందు ఆమె మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాలు గ్రేడు చేసేది. కుప్పలో చెయ్యి పెట్టి, మెత్తబడిన కాయని చూడకుండానే బయటికి తీసేదట. ఆ చెయ్యి చూసే యజమాని ఆమెను షెడ్డుకు తెచ్చుకున్నాడు. ఇక్కడ తెల్ల బల్ల, తెల్ల గ్లౌజులు, పైన ఫ్యాను. గ్లౌజుల్ని రోజూ ఇంటికి తీసుకుపోయి ఉతికి ఆరేసేది. మా ఊర్లో నన్ను నర్సమ్మ అనుకుంటాండారు సార్ అని ఒకసారి నాతో నవ్వుతూ చెప్పింది. ఆ గ్లౌజులంటే ఆమెకు ఎంత గౌరవమో నాకు అప్పుడు తెలిసింది.

మొదటి సరుకు తిరస్కరించాను. రింగుల మీద గీతలు. స్టీలు ట్రేలలో కుప్పం పోయి వచ్చేటప్పుడు ఒకదానికొకటి రాసుకున్నాయి. మా నియమం ప్రకారం వరసగా రెండో సరుకు కూడా తిరస్కరిస్తే ఆ యూనిట్ పేరు ఆమోదిత జాబితాలోంచి పోతుంది. మళ్లీ ఎక్కడం దాదాపు జరగని పని. ఆ సంగతి యజమాని అందరినీ నిలబెట్టి చెప్పాడు. రెండో సరుకు బాగుంటే షెడ్డుకు ఏళ్ల తరబడి పని, లేకపోతే లేదు. వాళ్లందరి బతుకూ ఆ రింగుల మీద ఉందని నాకూ తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు మొహం పెట్టుకోవడమే మా ఉద్యోగంలో కష్టమైన భాగం.

రెండో సరుకు నా ముందుకు వచ్చిన రోజు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రింగులు వరసగా పేర్చారు. ఒక్క గీత లేదు. కొలతలన్నీ సరిపోయాయి. యజమాని ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. ఆ తర్వాత భూతద్దం తీశాను. ఒక రింగు అంచు మీద చిన్న పాలిపోయిన మచ్చ కనిపించింది. ఇంకో రింగు తీస్తే దాని మీద రెండున్నాయి. కొన్నింటి మీద ఏమీ లేవు. పూతలో లోపమనుకుని, కుప్పంలో పూత వేసేవాళ్ల మీద మండిపడుతూ మర్నాడు యజమానిని వెంటబెట్టుకుని బస్సెక్కాను.

కుప్పంలో పూత షాపు పెద్దాయన నాకంటే కోపిష్టి. తమిళం, తెలుగు కలిపి తిట్టడం ఆయన ప్రత్యేకత. అదే పూత తొట్టిలో ముంచి ఇంకొకరి కోసం చేసిన ముక్కల్ని నా ముందు పోసి, మచ్చ చూపించు, షాపు మూసేస్తాను అన్నాడు. ఎంత వెతికినా మచ్చ లేదు. నా కాడినుంచి పోయేటప్పుడు అద్దం మాదిరి ఉండాయి, దోవలో ఏం జేసినారో మీరే కనుక్కోండి అన్నాడు. నేను వరండాలోకి వచ్చాను. అక్కడ పుంగనూరు షెడ్డువాళ్ల ఖాళీ డబ్బాలు, తర్వాతి సరుకు కోసం తెచ్చి పెట్టినవి, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అవి టమాటా బాక్సులు.

మా ప్రాంతంలో ఆ ప్లాస్టిక్ బాక్సు లేని ఇల్లు ఉండదు. పంట కోసిందీ అందులోనే, పెళ్లి వంటపాత్రలు మోసిందీ అందులోనే. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు పెట్టేదీ, మా ఇంట్లో పాత పేపర్లు పోగేసేదీ అందులోనే. ఎంత అలవాటంటే, కంటి ముందున్నా కనబడదు. నేను వంగి, వెంట తెచ్చిన మచ్చల రింగును బాక్సు అడుగున పెట్టి చూశాను. జల్లి కంతలు ఎంతెంత దూరంలో ఉన్నాయో మచ్చలూ అంతంత దూరంలో ఉన్నాయి. మూలలో వేలు పెట్టి గీరితే ఎండిన టమాటా తోలు, దాని కింద ఒక గింజ గోటికి అంటుకున్నాయి. యజమాని నా వేలి వైపు చూసి మెట్ల మీద కూర్చున్నాడు.

జరిగింది ఇదీ. మొదటిసారి గీతలు పడ్డాయి కదా, ఈసారి రాపిడి లేకుండా ఎలా తేవాలని షెడ్డులో అందరూ తలలు పట్టుకుంటే సదుమక్క ఉపాయం చెప్పింది. పండిన కాయ నలగకుండా వందల మైళ్లు పోతుంది కదా, ఇవి పోవా అంది. యార్డులో తెలిసినవాళ్ల దగ్గర బాక్సులు తెచ్చి, సబ్బు పెట్టి కడిగి, ఎండబెట్టి, మెత్తటి గుడ్డ పరిచింది. మంచి ఉపాయమే. రాపిడి నిజంగానే పోయింది. కానీ ఏళ్ల తరబడి కుళ్లిన కాయల రసం తాగిన బాక్సు అది. అడుగు కంతల చుట్టూ, పక్కల బోలు సందుల్లో ఎంత కడిగినా పోనిది ఉండిపోయింది. కుప్పం తొట్టిలోంచి రింగులు తడితడిగా వచ్చాయి, గుడ్డ ఆ తడి పీల్చింది, సందుల్లోని పులుపు గుడ్డలోకి దిగింది. అయినా వెంటనే విప్పి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. సరుకు షెడ్డుకు చేరేసరికి పుంగనూరులో గంగమ్మ జాతర. జాతరకు ఊర్లో ఏ షెడ్డూ తెరవరు, తెరిచినా మనుషులు రారు. యజమాని జాతరకు పోయే మనిషి కాకపోయినా తాళం వేశాడు. రేకుల కింద ఆ వేడిలో రింగులు టమాటా పులుపులో నానాయి.

షెడ్డుకు తిరిగి వచ్చి చెప్పినప్పుడు సదుమక్క వాదించలేదు. ఒక పిన్నీసు తీసుకుని బాక్సు సందులో గీకి, వచ్చిన మడ్డిని తన తెల్ల గ్లౌజు మీద వేసుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"మచ్చ పడిండేటివి నేను ఏరేస్తా సార్. బాగుండేటివి మీరు తీసుకోండి. నా కండ్లు తప్పు సూడవు."

ఆమె కండ్లు తప్పు చూడవని నాకూ తెలుసు. కాయల దగ్గర అది న్యాయం కూడా. చెడిన కాయ తీసేస్తే మిగతా బాక్సు అమ్ముడుపోతుంది. ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి మా పై అధికారి ఫోన్ చేసి దాదాపు అదే మాట అన్నాడు. అక్కడ క్షిపణి ముక్కలు బిగించే పని ఆగిపోయి ఉందట, పరీక్షకు తేదీ దగ్గర పడుతోందట, మచ్చలేనివి ఏరి ముద్ర వేసి పంపమన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన మీద కూడా ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు. నాకు కూడా ఒప్పుకోవాలనే ఉంది, ఆ సంగతి దాచను. ఒప్పుకుంటే అందరూ బాగుంటారు, షెడ్డు బతుకుతుంది, నేను కఠినుణ్ణన్న పేరు కాస్త తగ్గుతుంది. అయినా ఏ మచ్చా లేని రింగులు రెండు ల్యాబుకు పంపి, కోసి చూడమన్నాను.

ల్యాబు నుంచి వచ్చిన కబురు విన్నాక ఏరడానికి ఏమీ మిగల్లేదు. ఒక రింగు బాగుంది. రెండోదాంట్లో పూత పైకి మెరుస్తూనే ఉంది, కింద మాత్రం లోహంలో సన్నని గుంట మొదలైంది. ఏది ఏదో కంటితో చెప్పలేం, కోస్తేనే తెలుస్తుంది, కోసిన రింగు పనికిరాదు. పూత తీసేసి మళ్లీ వేద్దామంటే కొలత తప్పుతుంది. పై అధికారికి ఫోన్ చేసి మొత్తం సరుకు తిరస్కరిస్తున్నానని చెప్పాను. మీ ఇష్టం, మీ సంతకం అన్నాడు. ఆ మాట బెదిరింపో నమ్మకమో నాకు ఇప్పటికీ తెలియదు.

షెడ్డుకు పోయి ఈ మాట చెప్పాను. లేతు మీద పనిచేసే ఒకతను, మీకేం సార్, నెల కాంగానే జీతమొస్తాది అన్నాడు. నాకు చురుక్కుమంది. తప్పు మాట కాదు కాబట్టి ఊరుకున్నాను. అతన్ని ఆపింది యజమాని.

"మా నాయన ఆస్పత్రిలో కత్తెర్లు ఉడకబెట్టేటోడు. ట్రేలో ఒక్కదాని మింద అనుమానమొస్తే ట్రే అంతా మళ్లా ఉడకబెట్టాల్సిందే. మిగతావి బాగుండాయి కదా, యాల నాయనా అని అడిగితిని. ఆడ బల్ల మింద పండుకోనుండేటోడు మనల్ని అడగలేడు కదరా అన్యాడు. సార్‌ని ఏమీ అనాకండి."

తిరస్కరించిన రక్షణ సరుకును అలాగే వదిలేయకూడదు. ఎప్పుడైనా, ఎవరి చేతిలోంచైనా అది మళ్లీ లోపలికి రావచ్చు. అందుకని తయారుచేసినవాళ్లే ఇన్‌స్పెక్టర్ ఎదుట దాన్ని పనికిరాకుండా పగలగొట్టాలి. నియమం రాసినవాడు ఎవడో గాని, ఆ పని జరిగేటప్పుడు ఒక్కసారైనా నిలబడి చూసి ఉండడు. నేను చాలా చోట్ల చూశాను. సాధారణంగా ఇద్దరు కూలీలు వస్తారు, చుట్ట కాలుస్తూ సుత్తితో కొట్టి పోతారు. ఇక్కడ అలా జరగలేదు. ఆ రోజు సెలవు పెట్టినవాడు ఒక్కడు లేడు. యజమాని తల వంచి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. మిగిలినవాళ్లు కొందరు బొట్లు పెట్టుకునేవాళ్లే, అయినా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత లోహాన్ని నలిపే ప్రెస్సు కింద మొదటి రింగు ఆయనే పెట్టాడు. లేతు మీద ఎవరు చేసిన రింగుల్ని వాళ్లు తెచ్చి పెట్టారు. నలిగినవి పక్కన కుప్ప పడుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. నా సర్వీసులో అంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు, తప్పు చేయకపోయినా.

చివర్లో సదుమక్క వచ్చింది. చేతికి గ్లౌజులు ఉన్నాయి. ఒక రింగును వెలుతురుకి అటూ ఇటూ తిప్పి నాకు చూపించింది.

"దీనికి ఏమీ లేదు సార్. ఒగటికి నాలుగుసార్లు సూసినా. ఇది గూడా పగలగొట్టాల్నా?"

"పగలగొట్టాలమ్మా" అన్నాను.

ప్రెస్సు దగ్గర ఉన్నతను తీసుకోబోతే ఇవ్వకుండా తనే పెట్టింది. పిడి తనే లాగింది. ఆ తర్వాత గ్లౌజులు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. అందరూ వెళ్లాక నేను నా కాగితాల మీద సంతకం పెట్టాను.

జాబితాలో ఎవరుండాలో తేల్చే మా కమిటీలో నేను షెడ్డు తరఫున మాట్లాడాను. రింగు కొలత వెంట్రుకలో ఎన్నో వంతు దాకా రాసుకున్న మనం, అది పుంగనూరు నుంచి కుప్పానికి ఎందులో పోవాలో ఒక్క ముక్క రాయలేదు, వాళ్లకు మరో అవకాశం ఇవ్వడం న్యాయం అన్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మా వాళ్లు శ్రద్ధగా విన్నప్పుడే భయపడాలి. షెడ్డు పేరు జాబితాలోంచి తీసేశారు. నా మాటను మాత్రం బంగారంలా వాడుకున్నారు. ముక్కల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకుపోయేటప్పుడు అంతకుముందు దేనికీ వాడని కొత్త పెట్టెల్లోనే తీసుకుపోవాలని అప్పటి నుంచి ప్రతి ఒప్పందంలో ఉంటోంది. పిల్లలూ, ఆ షరతు చదివి ఎవరు రాశారీ చాదస్తం అని మీరు నవ్వుకుంటారని విన్నాను. దాన్ని రాయించినవాళ్లకు ఆ తర్వాత మన దగ్గర పని లేకుండా పోయింది.

రింగుల పని దూరంగా ఒక పెద్ద కంపెనీకి పోయింది. షెడ్డు ఇప్పుడు డ్రిప్పు పైపులకు బిగించే ముక్కలు చేస్తోంది. వాటికి తెల్ల బల్ల అక్కర్లేదు, చివరి తుడుపు అక్కర్లేదు. లేతు పనివాళ్లను ఉంచుకున్న యజమాని సదుమక్కను ఉంచుకోలేకపోయాడు. ఆ మాట నాకు ఫోన్ చేసి తనే చెప్పాడు.

నేను రిటైరయ్యాక ఆ వ్యవస్థ పరీక్ష ఒకటి జరిగింది. క్షిపణి ఎదురెళ్లి లక్ష్యాన్ని పైనే కూల్చేసిందని టీవీలో పదేపదే చూపించారు. తర్వాత కొన్నాళ్లకు మా బావమరిది బి.కొత్తకోట నుంచి టమాటాలు తెస్తే అతనితోపాటు మదనపల్లె యార్డుకు వెళ్లాను. అక్కడ కుప్ప ముందు కూర్చుని గ్రేడు చేస్తున్న ఆడవాళ్లలో ఒకామె తలెత్తి, బాగుండారా సార్ అంది. సదుమక్క. నేను ఆమెను తప్పించుకుని పోయేవాణ్ణేమో, ఆమే పిలిచింది. పక్కన కూర్చున్నాను. ఇంట్లోవాళ్ల గురించి, నా మోకాళ్ల గురించి అడిగింది. చేతులు మాత్రం పని ఆపలేదు.

"టీవీలో సూపించినారు సార్. ఎదురు పోయి పైనే కొట్టేసినాదంట కదా."

"అవునమ్మా. బాగా జరిగింది."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి.

"మనవి దాంట్లో లేకపోబట్టేనా సార్?"

ఒక్క రింగు వల్ల ఏది జరుగుతుందో, ఏది జరగదో ఏ ఇంజనీరూ గట్టిగా చెప్పలేడు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. మీవి బాగానే ఉండేవమ్మా, నియమాలే చెడ్డవి అని ఓదార్చవచ్చు కూడా. చూసీ చూసీ బాగున్న రింగును ప్రెస్సు కింద పెట్టిన మనిషి ముందు అలాంటి మాట నా నోట రాలేదు. అనుమానమున్నది ఒక్కటి కూడా లోపలికి పోలేదు, దానికి కారణం ఆ షెడ్డువాళ్లే.

"అవునమ్మా, అందుకే" అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. బాధపడుతుందనుకున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మా ఇంట్లో ఇంతవరకు సెప్పలేదు సార్, మేమే పగలగొట్టినామని. ఆర్డరు అయిపోయిందని సెప్పినా. ఈ పొద్దు పోయి సెప్తా."